పోస్టమ్మ ఆరబెట్టిన మూడు ఓట్లు

మొన్నామధ్య కోటబొమ్మాళి సంతలో నెత్తళ్ళు తూస్తుండగా ఫోనొచ్చింది. "పోస్టమ్మ పోనాదే కోడలా" అంది మా సంఘం అధ్యక్షురాలు. తక్కెడలో ఉన్న చేపలు కొనేవాడి సంచిలో పోశానో నేల మీద పోశానో గుర్తు లేదు. సంతకొచ్చిన మా పల్లె ఆడవాళ్ళందరం గంపలు సర్దేసి, దొరికిన ఆటోల్లో ఇరుక్కుని వెనక్కి వచ్చేశాం.

ఆవిడ మా సముద్రపు ఒడ్డు పల్లెలో పోస్టాఫీసు నడిపిన మనిషి. రిటైరయ్యాక కూడా మాకు పోస్టమ్మే. మాకు ఎండుచేపలు అమ్ముకునే ఆడవాళ్ళ సంఘం ఒకటుంది. దానికి ఎన్నికలు జరిపేది ఆవిడ. సంఘంలో సభ్యురాలు కారు. వరి పండించుకునే రైతుల ఇంటి నుంచి వచ్చినావిడ. "మీ సేపల్లో నాకేటి వాటా ఉన్నాది, కూరొండుకోడం తప్ప" అని నవ్వేవారు. అందుకే అందరికీ ఆవిడంటే గురి.

ఎన్నికల రోజు ఆవిడ ముందుగా తెచ్చేది ఓట్ల పెట్టె కాదు. బకెట్టుతో నీళ్ళు, సబ్బుముక్క, తువ్వాలు. మా చేతులెప్పుడూ చేపల తడితో, జిడ్డుతో ఉంటాయి కదా. "కడుక్కుని, తుడుసుకుని రండి. తడి సేత్తో కాగితం ముడితే ఓటు పాడైపోద్ది" అని ముసలమ్మల్ని కూడా వదిలేవారు కాదు. జీవితమంతా స్టాంపుల మీద ముద్రలు కొట్టిన మనిషి. ఇంకు పాడ్ ఎంత తడిగా ఉండాలో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. పొద్దున్నే పాత కాగితం మీద నాలుగైదు ముద్రలు కొట్టి, వేలితో రుద్ది చూసి, అప్పుడు తలుపు తీసేవారు.

నేను అధ్యక్ష పదవికి నిలబడ్డది ఒక్కసారే. ఎచ్చెర్లలో చదువు ముగించుకుని వచ్చి, అమ్మతో పాటు గంప ఎత్తుకున్న కొత్త. చేపలు ఆరబెట్టే సిమెంటు గచ్చు మీద ఎవరికి ఏ చోటో అధ్యక్షురాలే చెప్పాలి. మా అమ్మకిచ్చిన చోటు పల్లపు మూల. ఒక్క వాన పడితే నీళ్ళు నిలిచి చేపలన్నీ కుళ్ళిపోయేవి. అమ్మ ఆ కుళ్ళిన చేపల్ని ఎత్తి పారబోస్తుంటే చూడలేకపోయేదాన్ని. ఆ కుర్చీ నాకు కావాలి, అంతే. అప్పటికీ ఇప్పటికీ అధ్యక్షురాలు ఒకావిడే. వరసకి నాకు అత్త.

పోస్టమ్మ దగ్గర ప్రచారానికి ఒకటే పద్ధతి. పోటీ పడే ఇద్దరూ కలిసి ఇంటింటికీ తిరగాలి. ఎవరేం చెప్పినా రెండోవాళ్ళ ఎదురుగానే చెప్పాలి. నేను అత్త మీద రెండు పేజీల నేరాలు రాసుకున్నాను. అత్త పక్కనే నిలబడితే అందులో సగం నోట్లోంచి రాలేదు. రాని సగం అబద్ధమని నాకే తెలిసింది. ఒక ఇంట్లో పల్లపు మూల సంగతి చెప్తుంటే అత్తే మధ్యలో అందుకుంది. "ఈ పిల్ల సెప్పింది నిజిమే, అక్కడ నీరు నిలుస్తాది." ఆ ఇంటి ముసలమ్మ ఇద్దరికీ అంబలి పోసింది. గట్టు మీద పక్కపక్కన కూర్చుని తాగాం.

ఓటు కాగితం మీద పైన నా తక్కెడ గుర్తు, కింద అత్త గంప గుర్తు. పోస్టమ్మ ప్రతి కాగితాన్నీ ముందే నిలువుగా మడిచి ఇచ్చేవారు. అలా మడిస్తే పచ్చి ఇంకు అంటుకున్నా ఆ గుర్తు పక్కనే అంటుకుంటుంది, రెండోదాని మీద పడదు. కానీ మా ముసలమ్మలు పొగాకు పొట్లం మడిచినట్టు అడ్డంగా కూడా మడిచేసి, బొడ్డులో దోపుకుని, నాలుగు కబుర్లు చెప్పుకుని గాని పెట్టె దగ్గరికి రారు.

లెక్కింపుకీ ఆవిడ పద్ధతి వేరు. నా ఓట్లు అత్త లెక్కపెట్టాలి, అత్త ఓట్లు నేను. లెక్కపెడుతుంటే మూడు కాగితాలు తగిలాయి. గంప మీద ముద్ర నల్లగా ఉంది. తక్కెడ మీద ఇంకోటి, పలచగా, తిరగబడి ఉంది. మడతలో అంటుకున్న మరకే అని చూడగానే తెలిసింది. తెలిసీ, రెండు ముద్రలున్నాయి కదా అని మూడింటినీ చెల్లని ఓట్లలో పడేశాను. నాకు నలభై నాలుగు, అత్తకి నలభై రెండు. మా అమ్మ లేచి నిలబడింది. ఆ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

పోస్టమ్మ చెల్లని కాగితాలు తీసుకుని ఒక్కొక్కటీ విప్పి గాలికి పెట్టారు. తర్వాత ఒక తెల్ల కాగితం మీద ముద్ర కొట్టి, అడ్డంగా మడిచి, విప్పి అందరికీ చూపించారు. ఒకటి నలుపు, ఒకటి పలచన. ఆ మూడూ అచ్చం అలాగే ఉన్నాయి. అవి అత్త లెక్కలో చేరాయి, నేను ఒక్క ఓటుతో ఓడిపోయాను. అత్త వైపువాళ్ళు గోల మొదలుపెట్టారు. "లెక్కెట్టినోలు ఏటి సూసినారు?" అని ఎవరో అరిచారు.

"ఆ పిల్లనేటి అంటారు? పాడ్‌లో ఇంకు ఎక్కువ పోసీసినాను. తప్పు నాది" అన్నారు పోస్టమ్మ.

పొద్దున ముద్రల్ని వేలితో రుద్ది చూసిన మనిషి ఆ మాటన్నారు.

అందరూ వెళ్ళాక తువ్వాలు మడతపెడుతూ అడిగారు. "పిల్లా, ఆ మూడూ నువ్వు ముందే పోల్సుకున్నావు గదా?"

నేను బకెట్టులో నీళ్ళు పారబోయడానికి లేచాను.

"ఒచ్చేసారి నువ్వు నా పక్కన కూకో. పోల్సుకునే కళ్ళు నాకు కావాల."

అప్పట్నుంచి ప్రతి ఎన్నికకీ ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆ సంగతి ఇంకెప్పుడూ ఎత్తలేదు. నన్ను చూసి ఒక్కసారైనా చులకనగా నవ్వలేదు. అత్త ఆ ఏడే పల్లపు మూల ఎత్తు చేయించింది. అమ్మ చేపలు ఇప్పుడు పొడిగా ఆరుతున్నాయి. నా గొంతులో మాత్రం ఆ మూడు కాగితాలు ముల్లులా ఉండిపోయాయి. ఆవిడ బతికుండగా బయటికి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఇదిగో, ఇప్పుడు చెప్తున్నాను.

పన్నెండో రోజు ఆవిడ కూతురు ఎన్నికల సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. అత్త పక్కనే ఉంది. ఇక ఆగలేక అత్తకి అంతా చెప్పేశాను.

"నాకు తెల్సే. పోస్టమ్మ పాడ్‌లో ఇంకు ఎక్కువ పోస్తాదేటి?" అంది అత్త.

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"ఆయమ్మ కప్పీసింది. నానెందుకు ఇప్పడం?"

సంచిలో పాడ్, సబ్బుముక్క, ఉతికి మడిచిన తువ్వాలు ఉన్నాయి. అడుగున ఆ లెక్కింపు రోజు ఆవిడ ముద్ర కొట్టి చూపించిన తెల్ల కాగితం, అడ్డంగా మడిచింది. విప్పాను. ఒక ముద్ర ఇంకా నల్లగానే ఉంది. రెండోది వెలిసిపోయింది, ఎక్కడుండేదో ఇద్దరం కళ్ళు చికిలించుకుని వెతికాం. అత్త ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని, నిలువుగా మడిచి, మళ్ళీ సంచిలో పెట్టింది. "ఒచ్చే ఎన్నికలకి నీళ్ళ బకెట్టు నాను తెస్తాను" అంది.