బెల్లం వండేవాడి చెవులు

నా మొగుడి చెవులు నేను కాపాడాను. ఈ మాట ఎవరి ముందైనా అంటాను. గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోనీండి. మందు మార్చింది డాక్టరే, కాదనను. కానీ ఆ డాక్టరు దగ్గరికి సంగతి మోసుకెళ్ళింది నేను. అప్పటికి నాకు అక్షరాలు వచ్చి ఏడాది కూడా కాలేదు.

చెవిటివాళ్ళు బతకడం లేదా అని అడిగేవాళ్ళుంటారు. బతుకుతారు. మా ఆయన మాత్రం బెల్లం వండేవాడు. నర్సీపట్నం నుంచి గొలుగొండ వెళ్ళే దారిలో ఏ చెరకు రైతు పెనం పెట్టినా ముందు ఆయనకే కబురు వచ్చేది. పాకం ఎప్పుడు దించాలన్నదే ఆ పనిలో కిటుకంతా. ఒక్క నిమిషం ముందు దించితే బెల్లం దిమ్మ గట్టిపడదు, వానాకాలానికి కారిపోతుంది. ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడిపోతుంది. రంగును బట్టి కొంత, వాసనను బట్టి కొంత తెలుస్తుంది. చివరికి మాత్రం చిటికెడు పాకం చన్నీళ్ళలో వేసి, ఉండ చేసి, పెనం అంచుకేసి కొడతారు. అది ఠంగుమనాలి. ఒక పక్క గానుగ ఇంజను మోత, ఒక పక్క పొయ్యిలో పిప్పి మండే చప్పుడు, ఎదురుగా పెనం కుతకుత. అన్నిటి మధ్యా ఆ ఒక్క ఠంగు వినబడాలి. ఆయనకు వినబడేది. మిగతా వంటవాళ్ళు రెండోసారి, మూడోసారి కొట్టి చూసుకునేవారు. ఆయన ఒక్కసారే కొట్టేవాడు.

అవి ఎనభైల మొదటి రోజులు. వానలు పడేసరికి ఆయనకు దగ్గు పట్టుకుంది. నెల గడిచినా తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలేది. తెమడలో నెత్తురు జీర కనిపించాక, మొండికేసినవాణ్ణి ఆసుపత్రికి లాక్కెళ్ళాను. ఛాతీకి ఫోటో తీశారు, తెమడ పరీక్ష చేశారు, టీబీ అన్నారు. రెండు నెలలపాటు రోజూ ఒక సూది, దాంతోపాటు మాత్రలు. ఆ తరవాత సూది ఆపేసి ఏడాదిన్నర నిండేదాకా మాత్రలే. సూదిమందు పేరు స్ట్రెప్టోమైసిన్. ఆ పేరుకు నా నోరు తిరగడానికి వారం పట్టింది.

రోజూ నేనే ఆయన్ని నడిపించుకుని వెళ్ళేదాన్ని. సూదులు వేసే గది ముందు వరండాలో పెద్ద లైను ఉండేది. సిస్టరు ప్రతి ఒక్కరినీ అడిగేది, "ఇబ్బంది ఏమైనా ఉందా అండీ?" అని. మా ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే.

"ఏటీ నేదమ్మా. దివ్యంగా ఉంది."

ఇక నా చదువు సంగతి. అంతకు ముందు ఏడాది వేసవిలో మా ఏసు గుడి వరండాలో, ఆదివారం ఆరాధన అయ్యాక, పాటలు పాడించే టీచరమ్మ ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. నాకప్పుడు ముప్పై దాటాయి, ముగ్గురు పిల్లల తల్లిని. భక్తి ఎక్కువై చేరానని చెప్పను. ఒకసారి ఇంటికి రావాల్సినదాన్ని రావికమతం బస్సెక్కి కూర్చున్నాను. బోర్డు చదివి చెప్పమని ఒక పెద్దమనిషిని అడిగితే, ఆయనకూ చదువు రాదు, రాదని ఒప్పుకోవడానికి మనసు రాక నోటికొచ్చిన ఊరు చెప్పాడు. ఆ కోపంతో పలక పట్టాను. మా ఆయన నవ్వాడు.

"ఏటే, కలెట్రు ఉజ్జోగం సేత్తావేటి?"

"నువ్వు బెల్లం వండుకో మావా. నా సంగతి నీకెందుకు?"

క్రిస్మస్ నాటికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. వత్తులుంటే ఆగిపోయేదాన్ని, అయినా వదిలిపెట్టేదాన్ని కాదు.

సూదులు మొదలై నెల దాటింది. దగ్గు తగ్గింది, జ్వరం పోయింది, అన్నం సయిస్తోంది. మంచే జరుగుతోంది అనుకున్నాను. ఒక ఉదయం మా పొలంగట్టు మీద నా ముందు నడుస్తున్నవాడు ఉన్నట్టుండి పక్కకు తూలి బురదలో కాలు దించాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ తూలాడు. ఎదురుగా వస్తున్న మా ఇంటి పక్కాయన అది చూసి నవ్వాడు.

"ఏటి బావా, మందుల సీటీలో కల్లు కూడా రాసినాడేటి డాక్టరు బాబు?"

మా ఆయన ఏమీ అనలేదు. అది వింత. ఊరికే మాట పడే మనిషి కాదు. వినబడలేదేమోనని నాకప్పుడు అనుమానమొచ్చింది. ఇంటికొచ్చాక వెనకనుంచి పిలిచాను. పలకలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"నిజం సెప్పు మావా. సెవులకేటైనాది?"

"హోరెడతన్నాయి."

"ఎన్నాళ్ళబట్టి?"

"పది రోజులుంటాది."

"మరి నాకెందుకు సెప్పనేదు?"

"సెప్పితే ఏటి సేత్తావు? పాకం దిగేముందు పెనం హోరెడతాది కాదేటి? ఇదీ అంతే. లోపల రోగం ఉడుకుతంది. ఉడికి దిగిపోతాది."

ఆ మాట నేనూ నమ్మాను. పుట్టిన దగ్గరనుంచీ పెనాల పక్కన పెరిగినవాళ్ళం, మా ఒంటిని కూడా పెనంలాగే చూసేవాళ్ళం. మందు వేడి చేసింది అనుకున్నాం. పెనం పొంగితే ఆముదం చుక్క వేసి అణుస్తారు. అదే వైద్యం చెవులకు చేశాం. ఆయన పక్కకు తిరిగి పడుకుంటే గోరువెచ్చటి ఆముదం పోసింది నేనే. మజ్జిగ తాగించాను, తలకు నూనె పెట్టాను. చెవుల హోరు ఒక్క పిసరు కూడా తగ్గలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మా వైపు ఊళ్ళన్నీ తిరిగి సూదులు వేసే సైకిలు డాక్టరొకడు ఉండేవాడు. చదివిన డాక్టరు కాదు, ఎక్కడో ఎవరి దగ్గరో నాలుగేళ్ళు పనిచేసి నేర్చుకున్నాడు. మంచివాడే. రోజు విడిచి రోజు వచ్చి మా ఆయనకు ఒక సూది పొడిచి వెళ్ళేవాడు. ఆసుపత్రి సూది రోగానికి, ఇతని సూది బలానికి. అలా అనుకునే వేయించుకున్నాం. ఆసుపత్రిలో ఈ సంగతి చెప్పలేదు. చెప్పాలని మాకు తోచలేదు. రెండు పూటలా అన్నం తిన్నామని చెప్పుకుంటామా?

సూదుల గది గోడకు ఒక అట్ట బోర్డు వేలాడేది. సిస్టరు చేత్తో తెలుగులో రాసి పెట్టింది. నెలన్నర దాని కిందే నిలబడ్డాం. మా లైనులో చదువుకున్నవాళ్ళు ఉండేవారు, జేబులో పెన్ను పెట్టుకున్నవాళ్ళు కూడా. ఒక్కరూ తలెత్తి చూసిన పాపాన పోలేదు. నేను మాత్రం కొత్తగా చదువొచ్చినదాన్ని కదా, సబ్బు కాగితం దొరికినా చదివేసేదాన్ని. బోర్డు పట్టుకున్నాను. పెద్ద పెద్ద మాటలు, పైగా లైను ఆగదు. మొదటి రోజు ఒక వరసే అయింది. రెండో రోజు రెండో వరసలో సగం. మూడో రోజు నా వెనకవాళ్ళను ముందుకు పొమ్మని వదిలేశాను.

"నడవ్వేటమ్మా, గోడకేసి సూత్తన్నావు, సినిమా ఏత్తన్నారేటి?" అంది ఒక ముసలామె.

"నువ్వెల్లమ్మా. నాకు పనుంది."

చివరి వరసదాకా చదివాను. ఈ సూదిమందు వేయించుకునేవారికి చెవిలో హోరు వచ్చినా, నడకలో తూలినా, మూతి చుట్టూ తిమ్మిరెక్కినా దాచకుండా ఆ రోజే చెప్పాలని ఉంది. బయట వేరే సూదులు వేయించుకోవద్దని కూడా ఉంది. ఆ మూడు లక్షణాల్లో రెండు ఆయనకున్నాయని నాకు తెలుసు. పక్కనున్న ఆయన్ని అడిగాను.

"సూదేసినాక మూతి తిమ్మిరెక్కుతాదేటి?"

"నీకెలా తెలుసు?" అన్నాడు తెల్లబోయి.

"గోడ మీద రాసుంది. పద, డాక్టరుకి సెప్దాం."

ఆయన నా చెయ్యి పట్టుకుని వరండా చివరికి లాగాడు. గొంతు తగ్గించాననుకున్నాడుగానీ, తన గొంతు తనకే సరిగ్గా వినబడక అరిచినట్టే మాట్లాడాడు.

"లైన్లో గొలుగొండోళ్ళున్నారే. నాకు సెవులు పోనాయని తెలిత్తే ఈ ఏడు పెనం కాడికి రానిత్తారా?"

అప్పుడు అర్థమైంది నాకు, సిస్టరుకు రోజూ దివ్యంగా ఉందని ఎందుకు చెప్పాడో.

"నిజంగా పోతే ఏటి సేత్తావు? ఎన్నాళ్ళు దాసుకుంటావు?" అన్నాను. ఆ రోజు నేనాయన్ని సూది వేయించుకోనివ్వలేదు. బోర్డు మీది బయటి సూదుల మాట గుర్తొచ్చి, మర్నాడు, సైకిలు డాక్టరు ఎప్పుడో వాడి పారేసిన చిన్న గాజుబుడ్లు రెండు తీశాను. రబ్బరు మూతలు గట్టిగా ఉంటాయని కాటుకకూ నూనెకూ దాచుకునేదాన్ని. వాటిని కొంగున ముడేసుకుని ఆయన్ని డాక్టరు గదిలోకి తోశాను.

డాక్టరు చిన్నవాడే. బుడ్డి మీది చీటీ చదివాడు. రెండోదీ చదివాడు. ఇవి ఎన్నాళ్ళనుంచి వేయించుకుంటున్నారని అడిగాడు. నేను చెప్పాను.

"ఇది బలానికి కాదమ్మా. మేము ఇక్కడ వేస్తున్న మందే ఇందులోనూ ఉంది, పెన్సిలిన్‌తో కలిపి. మంచి మందే. కానీ చెవి నరం మీద పడుతుంది. కొందరికి సరైన మోతాదులోనే పడుతుంది, అందుకే రోజూ అడుగుతాం. మీ ఆయనకు రోజు విడిచి రోజు రెండింతలు పడింది."

రెండు కొమ్ముల ఇనప కడ్డీని తన మోకాలికి కొట్టి, మోగుతుండగా చెవి దగ్గర పెట్టాడు. కుడివైపు పెడితే మా ఆయన తలూపాడు. ఎడమవైపు పెడితే ఊరికే చూస్తూ కూర్చున్నాడు.

"పోయింది తిరిగి రావడం కష్టం. ఉన్నది నిలబెట్టుకోవచ్చు. ఈ సూది ఇవాళ్టితో ఆపేస్తున్నాను. ఇక్కడా వద్దు, బయటా వద్దు. ఇకమీదట ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ఈ మందు మీ ఆయనకు పడదని ముందే చెప్పాలి."

మా ఆయన మొహం విప్పారింది. "అయితే మాత్రలు కూడా మానీమంటారేటి బాబూ?"

"అవి మానావంటే రోగం తిరగబడుతుంది. అప్పుడు ఈ మాత్రలకు లొంగదు. సూది బదులు ఇంకో మాత్ర ఇస్తాను. దాంతో కొందరికి కంటిచూపు దెబ్బతింటుంది. రంగులు తేడాగా కనబడితే ఆ రోజే రా."

"సెవులయిపోనాయి, ఇప్పుడు కళ్ళా?" అన్నాడు మా ఆయన. డాక్టరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. డాక్టరు చెప్పిందంతా నా పలక మీద రాసుకుని గోడకు తగిలించాను. వారానికోసారి ఎర్ర దారమూ పచ్చ దారమూ ఆయన మొహం ముందు పెట్టి ఇదేం రంగని అడిగేదాన్ని. "నన్ను బళ్ళో ఏసినావేటే?" అని విసుక్కునేవాడు. విసుక్కున్నా జవాబు చెప్పేదాకా వదిలేదాన్ని కాదు. ఒళ్ళు చేశాక, దగ్గు మాటే మరిచిపోయాక, మాత్రలు మానేద్దామని ఎన్నిసార్లు పేచీ పెట్టాడో. నా చేత్తో నోట్లో వేసి మింగేదాకా నిలబడ్డాను. ఏడాదిన్నర పూర్తయ్యేదాకా ఒక్క పూట తప్పలేదు.

సైకిలు డాక్టరు మళ్ళీ వచ్చినప్పుడు గుమ్మంలోనే ఆపాను.

"నీ సూదిలో ఏటుందో నీకు తెలుసా బాబూ?"

"బలానికని మందుల కొట్టోడు సెప్పినాడప్పా. సీటీ మీద ఇంగిలీసు ఉంటాది. నాకు మాత్రం ఎవుడు సదివి పెడతాడు?"

తిడదామనుకున్నదాన్ని, ఆగిపోయాను. నేను బస్సెక్కిన రోజు గుర్తొచ్చి కాదు, అతని మొహం చూసి. కానీ మా ఇంట్లో మళ్ళీ సూది తియ్యనివ్వలేదు. మా వీధిలో దగ్గు ఉన్నవాళ్ళందరి ఇళ్ళకూ వెళ్ళి బోర్డు మీది మాటలు అప్పజెప్పాను. కొందరు నవ్వారు. ఇద్దరు ఆడవాళ్ళు మర్నాడే ఆసుపత్రిలో హోరు సంగతి చెప్పారు. ఆ ఇద్దరూ చాలు నాకు.

మార్గశిరంలో మొదటి పెనం ఎక్కింది. చెవుల సంగతి అప్పటికే రైతు దాకా వెళ్ళింది. మా ఆయన్ని పిలిచాడుగానీ, పక్కన ఇంకో వంటవాణ్ణి కూడా తెచ్చి నిలబెట్టాడు. నేను పిప్పి ఎండబెట్టే పనికి అక్కడే ఉన్నాను. ఇంజను మోగుతోంది. పాకం రంగు తిరిగింది. మా ఆయన ఎప్పుడూ నిలబడే చోటు వదిలి, కుడి చెవి పెనం వైపు ఉండేలా అటు పక్కకు వెళ్ళి వంగాడు. చన్నీళ్ళలో వేసిన పాకాన్ని ఉండ చేసి అంచుకేసి కొట్టాడు. మళ్ళీ తీసి, మళ్ళీ కొట్టాడు. ఆయన రెండోసారి కొట్టడం నేను చూడటం అదే మొదలు.

"ఇంకొంచెం ఉండాల," అన్నాడు ఆ రెండో వంటవాడు.

"దించీండి," అన్నాడు మా ఆయన.

రైతు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, దించమన్నాడు.

పొద్దు వాలేసరికి దిమ్మ ఆరింది. రైతు తిరగేసి, వేలితో మీటి, అంచు విరిచి నోట్లో వేసుకున్నాడు. ఆ రెండో వంటవాణ్ణి ఎడ్లబండి మీద ఊరికి పంపించేశాడు. మా ఆయన ఆ ఏడూ, ఆ తరవాత చాలా ఏళ్ళూ ఆ పెనం దగ్గరే వండాడు. ఎడమ చెవి మాత్రం తిరిగి రాలేదు. అంచుకేసి రెండుసార్లు కొట్టడం కూడా అలవాటైపోయింది. ఆ సాయంత్రం అందరూ ఉండగానే రైతు అడిగాడు, చెవులు పోయాయన్నారు కదా అని.

"ఎడం సెవి సూదులకే పోనాది బాబూ," అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండా. "ఈ కుడిది మా ఆడది సదువుకుని మిగిల్సింది."

పది మంది విన్నారు. నేనూ విన్నాను.