ముందే పెట్టిన సంతకం

2023 జూలై 1, శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు. గడ్డపోతారంలోని మా మందుల ఫ్యాక్టరీ, ట్రైనింగ్ రూము. హాజరైనవారు: మేనేజర్, షిఫ్ట్ ఇన్‌చార్జ్ రత్నం, గురువారం ఉదయం రియాక్టర్‌లో చనిపోయిన కాంట్రాక్టు కార్మికుడు నర్సింలు భార్య అంజమ్మ, సేఫ్టీ ఆఫీసర్‌గా నేను. ఆనాటి డైరీలో ఇంతవరకే ఉంది. మిగిలినది ఇప్పుడు రాస్తున్నాను.

రియాక్టర్ అంటే మందు తయారయ్యే పెద్ద ఉక్కు పాత్ర. ఖాళీ అయ్యాక కడగడానికి మనిషి లోపలికి దిగాలి. లోపల నైట్రోజన్ మిగిలి ఉన్నా తెలియదు; దానికి రంగు లేదు, వాసన లేదు. రెండు మూడు శ్వాసలకే మనిషి కూలిపోతాడు. అందుకే ఎంట్రీ పర్మిట్ అనే కాగితం ఉంటుంది. షిఫ్ట్ ఇన్‌చార్జ్ మీటరు దింపి ఆక్సిజన్ ఎంతుందో చూసి అంకె రాయాలి. నేను స్వయంగా వెళ్లి చూసి సంతకం పెట్టాలి. ఆ రెండూ అయ్యాకే మనిషి దిగాలి.

నా డ్యూటీ తొమ్మిదికి. మొదటి షిఫ్టు ఆరుకు. పని ఆగకూడదని రోజూ సాయంత్రం ఇంటికి పోయే ముందు పది ఖాళీ పర్మిట్ల మీద సంతకాలు పెట్టి పోయేవాణ్ణి. ఏళ్ల తరబడి అదే అలవాటు. పద్ధతి తప్పని మనిషినని నాకు పేరు. ఆ గురువారం మీటరు ఛార్జింగులో ఉంది. రత్నం కుర్చీలోంచి లేవకుండానే 20.9 అని రాశాడు. మామూలు గాలిలో ఉండే ఆక్సిజన్ శాతం అది. నర్సింలు ఆ కాగితాన్ని నమ్మి దిగాడు.

రియాక్టర్ దగ్గర వేలాడదీసిన తెల్ల కాగితాన్ని రత్నం చింపేశాడు. కార్బన్ కింది గులాబీ కాపీ మాత్రం పుస్తకంతో పాటు నా సొరుగులోకి వచ్చింది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు.

"పర్మిట్ కనబడుత లేదు. అంటే తీసుకోలేదన్నట్టే. సొంతంగ దిగిండని రాయండి," అన్నాడు మేనేజర్.

అంజమ్మ నా దిక్కు చూసింది. "తాగి దిగిండని బస్తీల అంటున్నరు సారు. మా ఆయన కల్లు గూడ ముట్టడు. చెప్పకుంట దిగిండా?"

"రిపోర్టు ఇంకా రాయలేదమ్మా," అన్నాను. అది అబద్ధం కాదు. అంతకన్నా హీనమైనది.

ఆమె వెళ్లాక వరండాలో రత్నం నా చెయ్యి పట్టుకున్నాడు. మా ఇద్దరిదీ పటాన్‌చెరులో ఒకే క్రైస్తవ సంఘం. నేను అక్కడ పెద్దను. నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు పేర రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారపు బల్ల దగ్గర ద్రాక్షారసపు పళ్లెం పట్టుకునేది నేనే. సహోదరుడితో సమాధానపడకుండా బల్ల దగ్గరికి రావద్దని సంఘానికి చెప్పేదీ నేనే.

"నిన్నంతా మోకాళ్ల మీదనే ఉన్న అన్నా. ఒప్పుకున్న. ప్రభువు క్షమించిండు. నెమ్మది దొరికింది."

"అంజమ్మకు దొరికిందా?"

"దేవుడే మాఫ్ చేసినంక ఇగ మనుషులెందుకన్నా? ఆ కాగితం బయటవడితే నేనొక్కన్నే పోను. కింద సంతకం నీది."

అతడిని కోప్పడడానికి నోరు రాలేదు. శుక్రవారం నేనూ ప్రార్థన చేశాను, నేనూ ఏడ్చాను. ఏడ్చాక కాస్త తేలికపడ్డాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ తేలికే నాకు భయం. మా పాపాన్ని మోసినవాడు ఒకడున్నాడని పాడుకుంటూ, దాన్ని తెచ్చి నర్సింలు శవం మీద మోపుతున్నాం.

మరునాడు ఆదివారం ఏడింటికే ఫ్యాక్టరీకి వెళ్లి రిపోర్టు రాశాను. ముందస్తు సంతకాల సంగతి మొదటి పేరాలోనే పెట్టాను. గులాబీ కాపీ నకలు జతచేసి మేనేజర్‌కు ఒకటి, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు ఒకటి పంపాను. పాస్టరుగారికి ఫోన్ చేసి, పళ్లెం ఇంకెవరికైనా ఇవ్వమన్నాను, కారణమూ చెప్పాను. రత్నానికీ ఫోన్ చేశాను, అతడు మాత్రం నా మాట పూర్తికాకముందే పెట్టేశాడు.

అక్కడి నుంచి అంజమ్మ కిరాయికి ఉండే గదికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు. గులాబీ కాగితం చదివి వినిపించాను: నర్సింలు పేరు, సమయం, అంకె, రత్నం సంతకం, నా సంతకం.

"అంటే మీరు దిగుమంటేనే దిగిండు."

"అవునమ్మా. చూడకుండ సంతకం పెట్టిన. తప్పు నాది. మాఫ్ చెయ్యి."

"నాకు శాతగాదు సారు," అంది నెమ్మదిగా. "మీ దేవుడు చేస్తడేమో. నన్నడగకుండ్రి."

దేవుని క్షమాపణ ఉచితమని చిన్నప్పటి నుంచీ విన్నాను, నేడూ నమ్ముతున్నాను. అది మనిషి ముందు నిలబడే పనిని తప్పించదని మాత్రం ఆ గుమ్మంలోనే తెలిసింది.

వెనుదిరగబోతుంటే ఆమే పిలిచింది. లోపల గోడకు ఆనుకుని నర్సింలు తల్లి కూర్చుని ఉంది.

"కొడుకు తాగి సచ్చిండని ఇన్నసంది ముద్ద ముడుత లేదు. ఆమెకు గూడ చెప్పుండ్రి. జెర గట్టిగ చదువుండ్రి, చెవులు ఇనబడయి."

మొదటిసారి ముసలమ్మకు వినపడలేదు. రెండోసారి గొంతు పెంచాను. ఆ వరుసలోని గదుల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నా పేరు దగ్గరికి వచ్చేసరికి ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఎవలు?" అంది.

మళ్లీ చెప్పాను.