ఎండిన మళ్లు లేని గ్రాఫు

1980 జూన్‌లో నన్ను వరంగల్ గణాంక కార్యాలయంలో ఇన్వెస్టిగేటరుగా వేశారు. వరి కోత ప్రయోగాలు నా పని. లాటరీ సంఖ్యల ప్రకారం ఊళ్లో సర్వే నంబర్లు ఎంచుకుని, ఆ మడిలో ఐదు మీటర్ల చదరానికి తాడు కట్టి, కోసి, నూర్చి, తూచాలి. నంబరు ఎండిన మడి మీద పడితే సున్నా రాయాలి. పక్కమడికి జరగడానికి వీల్లేదు. ఆ సగటును బట్టే ఊరు కరువు జాబితాలో చేరేది. చేరితే పశువులకు గడ్డి, మనుషులకు పని దొరికేవి.

ఆ ఏడు వానలు మొండికేశాయి. అయినా వర్ధన్నపేట వైపు ఒక ఊళ్లో నలభై మళ్లు కోస్తే సగటు బాగానే వచ్చింది. లెక్క పంపాను. జాబితా వచ్చింది, ఆ ఊరు అందులో లేదు. సరే, పంట పండింది కదా అనుకున్నాను.

నెల తిరక్కుండా మా ఆఫీసరు గారు నన్ను పిలిచి గ్రాఫు కాగితం ముందుకు తోశారు. దిగుబడులను నార్మల్ కర్వ్‌తో పోల్చి చూడటం ఆయనకు అలవాటు. నడిమి రకం మళ్లు ఎక్కువగా, బాగా పండినవీ బాగా ఎండినవీ తక్కువగా ఉండి, గీత గంట బోర్లించినట్టు రావాలి. కరువు ఏడైతే ఎండిన మళ్లుండే ఎడమవైపు ఇంకా లావెక్కాలి. నా గీతకు అసలు ఎడమవైపే లేదు. ఎండిన మళ్లు ఏవయ్యా అన్నారు. ఒంటికాలి మీద లేచాను. ప్రతి గింజా నా చేత్తో తూచానండీ అన్నాను.

మర్నాడే బస్సెక్కి ఆ ఊరికి పోయాను. నా లెక్కలో మొదటి మడి రాజవ్వ అనే పెద్దామెది. అడిగితే నవ్వింది.

"నువ్వు కోసింది నా మడి గాదు సారూ, మా మరిది బాయి నీళ్ల కింద పండింది. నాదంత ఎండిపాయె. సర్కారు సారు ఊరికొస్తే ఎండిన మడి చూపిస్తమా? మా ఇజ్జత్ ఏం గావాలె?"

ఊరంతా అదే మర్యాద చేసిందట! సర్వే నంబర్లు గీసిన ఊరి పటం, నక్ష, కోతల నాడు నా సంచిలోనే ఉంది. విప్పి సరిచూడలేదు. వాళ్లు ఇదే మడి అంటే తాడు కట్టేశాను.

"గని సారూ, కరువు లిస్టుల మా ఊరెందుకు లేదు? గడ్డి లేక ఎడ్లను అంగడికి తోలి అమ్మిన."

తప్పు నాదేనని చెప్పాను.

"నీదేమున్నది బిడ్డా, మేమే గదా చూపిచ్చినం," అన్నది. తిట్టినా అంత తగిలేది కాదు.

జరిగింది రాసి సంతకం చేసి ఆఫీసరు గారికిచ్చాను. ఆయన పైకి పంపారు. మళ్లీ కోసి చూడటానికి ఏమీ మిగల్లేదు. ఎండిన పైరును పశువులు ఎప్పుడో మేసేశాయి. జాబితా మారలేదు.

తర్వాత సర్వీసంతా నక్ష విప్పకుండా తాడు కట్టలేదు. సగటు కంటే ముందు గీత ఎడమ అంచు చూడటం నేర్చుకున్నాను. ఆ ఊళ్లో రాయాల్సిన సున్నాలు నేను రాయలేదు. రాజవ్వ ఎడ్ల కొట్టం ఖాళీ అయింది.