సారమ్మ టీచరు వేలు, ఉదయగిరి గరిటెలు

సారమ్మ టీచరుకు పాఠం చెప్పగల మనిషి ఆత్మకూరులో ఇంకా పుట్టలేదు. ఆమె రిటైరై చాలా ఏళ్లయింది. అయినా మందుల షాపతను మొదలుకొని బస్టాండులో టీ కాచేవాడి దాకా అందరం ఆమె చేతి మొట్టికాయలు తిన్నవాళ్లమే. ఎవరు ఏం చెప్పబోయినా "ముందు పదమూడో ఎక్కం చెప్పు, తర్వాత నాకు చెబుదువు" అంటుంది. నేను జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్ని. నాకు ఇప్పటికీ పదమూడో ఎక్కం రాదు. అందుకని ఆమె ముందు నోరు మూసుకుని కూర్చుంటాను.

ఆమె కొడుకు డేవిడ్‌రాజు మా కాలేజీలోనే జంతుశాస్త్రం చెబుతాడు. మంచి పేరున్నవాడు. ఇంట్లో మాత్రం ఆ పేరు చెల్లదు.

టీచరుకు షుగరు. కాలి బొటనవేలి మీద పుండు లేచి మానలేదు. మాత్రలతో ఇక లాభం లేదు, ఇన్సులిన్ సూదులు వేసుకోకపోతే వేలు దక్కదని డాక్టరు చెప్పేశాడు. ఆమె పరీక్షల కాగితం తెప్పించుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివింది. అందులో ఆమె ఒంట్లో ఇన్సులిన్ ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉందని రాసి ఉంది.

"ఇంట్లో బియ్యం మూటలు నిండా ఉండాయి. మళ్లా బియ్యం కొనుక్కురమ్మంటాడు. వాడేం డాక్టరురా?" అంది.

"బియ్యం ఉండాయిమా, వండేవాళ్లు లేరు," అన్నాడు డేవిడ్‌రాజు. "కణం పైన రిసెప్టరని ఒకటుంటాది. ఇన్సులిన్ వచ్చి దాని మీద కూర్చుంటే అది లోపలికి కబురు చెప్పాల. నీకు అది సరిగ్గా చెప్పడం లేదు."

"నువ్వు దాన్ని చూసినావా?"

"కంటికి కనపడదుమా."

"దేవుడూ కనపడడు. కానీ నేను ఆయనతో రోజూ మాట్లాడతాను. నువ్వు దాంతో మాట్లాడినావా?"

డేవిడ్‌రాజు నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

కనపడేట్టు చేసి చూపిస్తానని వాడికి పంతం పట్టింది. మరుసటి ఆదివారం ప్రార్థన కాగానే నన్ను బస్సెక్కించి ఉదయగిరి తీసుకుపోయాడు. అక్కడ చెక్క గరిటెలు చెక్కే గౌస్‌బాషా ముందు కూర్చుని కాగితం మీద బొమ్మ గీశాడు. ఒక పలక, అదే కణం పొర. పలకలోంచి నిలువుగా దూరిన గరిటె ఒకటి. గరిటె తల పలక పైన, అంటే కణం బయట. తోక పలక కింద, అంటే కణం లోపల. దాని పక్కనే అలాంటిదే ఇంకోటి ఉండాలి. పైన రెండు తలల మధ్య చెక్క బంతిని పెడితే అవి కదిలి, కింద తోకలు రెండూ ఒకదాన్నొకటి తాకాలి. బంతి ఇన్సులిన్. తోకలు టైరోసిన్ కైనేజులనే ఎంజైములు. అవి ఒకదానికొకటి ఫాస్ఫేటు అంటించుకుంటేనే కబురు లోపలికి పోతుందట. ఆ కబురు అందాక పక్కనెక్కడో తలుపులు తెరుచుకుని చక్కెర లోపలికి పోతుంది. ఇదంతా నేను బస్సులో మూడుసార్లు విన్నాను. నాలుగోసారి నిద్రపోయాను.

మొదటి గరిటెను డేవిడ్‌రాజు ముచ్చటగా గీశాడు. రెండోదానికి వచ్చేసరికి చెయ్యి నొప్పెట్టి చుక్కలతో సరిపెట్టాడు. అక్కడే కొంప మునిగింది.

తయారైన బొమ్మను తెచ్చుకోవడానికి మళ్లీ పోయాం. పలక నున్నగా ఉంది. గరిటె మీద పూలు, తీగలు చెక్కి ఉన్నాయి. దాని పక్కన అంతే అందంగా ఒక ఫోర్కు నిలబడి ఉంది.

"ఇదేంది భాయ్?" అన్నాడు డేవిడ్‌రాజు.

"సెట్టు సార్," అన్నాడు గౌస్‌బాషా. "మా నాయన కాలం నుంచీ గరిటె పక్కన ఫోర్కే పెడతా ఉండాం. రెండూ గరిటెలే పెడితే ఎవరు కొంటారు?"

బంతి పెట్టి చూశాం. పైన కుదురుగానే కూర్చుంది. కానీ ఫోర్కుకు వయ్యారంగా ఒంపు పెట్టాడేమో, దాని తోక ఎటో చూస్తోంది. తోకలు తాకలేదు. సరైనది ఇంకోటి చేసిస్తానన్నాడు గౌస్‌బాషా. ఈలోగా దీన్నే సంచిలో వేసుకుని దిగాలుగా తిరిగొచ్చాం. దారిలో నాకు నవ్వాగలేదు. వాడు సంచిని ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇంట్లో టీచరు ఆ బొమ్మను ముందర పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "చెప్పు," అంది.

"బంతి వచ్చింది, కూర్చుంది. లోపల ఈ రెండూ ఒకదానికొకటి అందాలమా. చర్చిలో ప్రార్థన అయినాక పక్కపక్కన ఉండేవాళ్లు వందనాలు చెప్పుకుంటారే, అట్లా. ఇవి చెప్పుకోవడం లేదు. అందుకే ఎంత ఇన్సులిన్ ఉన్నా నీకు పని జరగడం లేదు."

ఆమె గరిటెను చూసింది, ఫోర్కును చూసింది.

"అచ్చం నేనూ మార్తమ్మా మాదిరి ఉండాయి," అంది.

మార్తమ్మ ఆమెకు తోడికోడలు. నర్సుగా చేసి రిటైరైంది, పక్క సందులోనే ఉంటుంది. ఒకప్పుడు చర్చి స్త్రీల సమాజంలో టీచరు చేసిన అరిసెలు పంచుతుంటే, మార్తమ్మ మైకు పట్టుకుని, "అక్కా, నీ వాలకం చూస్తే షుగరున్నట్టుండాది, నువ్వు మాత్రం తినబాక" అందట. అందరూ నవ్వారట. ఆనాటి నుంచి ఇద్దరూ ఒకే బెంచీలో చెరో చివర కూర్చుంటారు. ప్రార్థన కాగానే టీచరు గోడకు వందనం చెప్పి వచ్చేస్తుంది.

సూది వేసుకోవడం ఆమెకు చేతకాదు. డేవిడ్‌రాజుకు కప్పను కోసేటప్పుడు కూడా చేతులు వణుకుతాయి. చుట్టుపక్కల రోజూ ఇంటికొచ్చి సూది వేయగలిగింది మార్తమ్మ ఒక్కతే. ఆమెను పిలవాల్సి వస్తుందనే ఆ బియ్యం మూటల వాదనంతా అని అప్పటికి గాని మాకు తలకెక్కలేదు.

"మరి సూది వేస్తే ఇవి కలుస్తాయా?" అంది టీచరు.

డేవిడ్‌రాజు బంతిని గట్టిగా అదిమాడు. ఫోర్కు కిర్రుమంది. తోకలు రెండూ క్షణంసేపు తాకాయి. "బయటినుంచి ఇంకాస్త ఒత్తిడి పెడితే కలుస్తాయిమా. మొండివే, కానీ చచ్చిపోలేదు."

"నరసింహా," అని ఆమె నన్ను పిలిచింది. "మార్తమ్మను పిలుచుకొని రాపోరా. నేను రమ్మన్నానని చెప్పు."

మార్తమ్మ తడి చేతులతోనే వచ్చింది. గుమ్మంలో నిలబడి "వందనాలక్కా" అంది. టీచరు చెయ్యి చాచి, "వందనాలు. కూర్చో," అంది. మార్తమ్మ ఆమె కాలిని ఒళ్లో పెట్టుకుని పుండు చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత చేతులు కడుక్కుని, డేవిడ్‌రాజు కొనిపెట్టి ఉంచిన మందు కొలిచి, పొట్ట దగ్గర సూది వేసింది.

"అయిపోయిందా?" అంది టీచరు. "నొప్పే లేదే. ఇంత సులువైన దానికి ఇన్నాళ్లూ ఎందుకు రాలేదే నువ్వు?"

"నువ్వు పిలవలేదు కదక్కా," అంది మార్తమ్మ.