మా చెల్లెలి నిశ్చితార్థంలో నీళ్ల బాటిళ్లు లేవు

ఈ రోజు బెళుగుప్పలో మా చెల్లెలు సుజాత నిశ్చితార్థం జరిగింది. నీళ్ల బాటిళ్లు, ప్యాకెట్లు వద్దని, కుండల్లో నీళ్లు పోసి స్టీలు గ్లాసులు పెట్టాలని తను ముందే పట్టుబట్టింది. మగపెండ్లివాళ్లు చిన్నచూపు చూస్తారేమోనని నాకు లోపల భయంగానే ఉండింది.

అనుకున్నంతా అయింది. భోజనాల దగ్గర పెండ్లికొడుకు పెదనాయన గ్లాసు చూసి ముఖం చిట్లించాడు.

"ఏమప్పా, బాటిళ్లు కూడా పెట్టల్యాకపోతిరా?" అని అందరికీ వినపడేటట్టు అడిగాడు.

మా నాయన తల వంచుకున్నాడు. నేను సర్దిచెప్పేలోపే సుజాత పట్టుచీరతోనే జగ్గు పట్టుకొని వచ్చి ఆయన గ్లాసు నింపింది.

"పెట్టల్యాక కాదు మామా. పోయిన ఎండాకాలం మా గొర్రె సచ్చిపోతే కోసి చూసినాం. కడుపు నిండా నీళ్ల ప్యాకెట్లే ఉండాయి. నా పెండ్లి పేరు చెప్పి అట్లాంటి చెత్త మళ్లా బయట పడకూడదని నేనే వద్దన్నా."

ఆయన గ్లాసెత్తి నీళ్లన్నీ తాగాడు.

"సల్లగుండాయి. ఇంగొక గ్లాసు పొయ్యమ్మా," అన్నాడు. తర్వాత మా నాయన వైపు తిరిగి, "పెండ్లికీ ఇట్లే పెట్టు బావా. గ్లాసులు తక్కువైతే మా ఊర్నుంచి తెస్తాం," అన్నాడు.

నాయన తలెత్తి నవ్వాడు. ఈ పిల్ల నా చెల్లెలని ఊరంతా చెప్పుకోవాలనిపించింది నాకు.

సాయంత్రం దాకా గ్లాసులు కడిగిన మా అమ్మ మాత్రం, పెండ్లికి కడిగే పని మగపెండ్లివాళ్లదే అంటోంది. న్యాయమేనా? మీరే చెప్పండి.