ఇత్తడి గంజు అడిగితే ప్లాస్టిక్ మగ్గు

2021లో బేగంబజార్‌లోని ఒక గిన్నెల దుకాణానికి వెబ్‌సైట్ తయారుచేసే పని మా ఆఫీసుకు వచ్చింది. అందులో సెర్చ్ భాగం నాది. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. చిన్నప్పుడు మాదన్నపేట నుంచి అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్లిన దుకాణం అదే మరి. యజమాని రాజలింగాన్ని అందరం బాపు అనేవాళ్లం. గల్లా ముందు నుంచి కదలకుండానే ఏ అటక మీద ఏ గిన్నె ఉందో చెప్పేవాడు. అమ్మ బేరమాడుతుంటే నేను ఇత్తడి చెంబుల్లో నా వంకర ముఖం చూసుకుని నవ్వుకునేదాన్ని. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

మేము పనికి దిగేనాటికి బాపుకు చూపు తగ్గిపోయింది. దుకాణం తను నడుపుతానని కూతురు పద్మ అంటోంది. ఆయనకేమో నమ్మకం లేదు.

"దసరా దాకా చూస్త. గిరాకీ అడిగేది ఒకటి, మీ కంప్యూటర్ చూపెట్టేది ఇంకోటి అయితే దుకాణం గోదాముకు కిరాయికిస్త," అని నా ముందే అనేశాడు. పద్మ తల వంచుకుంది.

దొరికిన వస్తువుల్లో ఏది ముందు చూపాలో తేల్చడాన్ని మేము ర్యాంకింగ్ అంటాం. అడిగిన మాట వస్తువు వివరణలో మొదట్లోనే ఉంటే ఎక్కువ మార్కులు. అది పొజిషన్. అడిగిన మాటలు పక్కపక్కన ఉంటే ఇంకొన్ని మార్కులు. అది ప్రాక్సిమిటీ. ఇత్తడి గంజు, అంటే వండుకునే పెద్ద గిన్నె, కావాలన్నవాళ్లకు పట్టుకోవడానికి ఇత్తడి కడియాలున్న స్టీలు గంజు ముందు రాకూడదు కదా.

సైటు తయారయ్యాక బాపు ముందే పద్మ "ఇత్తడి గంజు" అని కొట్టింది. మొదట ప్లాస్టిక్ మగ్గు వచ్చింది, దాని వెనక జల్లెడ.

"ఏమొచ్చింది?" అన్నాడు బాపు. పద్మ నా వైపు చూసింది. నేనే చెప్పాను.

"మంచిగుంది. మగ్గుల అన్నం వండుకోమను," అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

వివరణలు తెరిచి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బాపు చెబుతుంటే పద్మ పొల్లుపోకుండా టైపు చేసింది. ఆయన నోటికి దుకాణం ముందు వేసే కూత అలవాటు. "రాండ్రి, రాండ్రి, ఇత్తడి గంజులు, రాగి బిందెలు, స్టీలు మూతలు" అని ప్రతిసారీ మొదలుపెట్టి, ఆ తర్వాతే అసలు వస్తువు పేరు చెప్పాడు. అందుకే మగ్గు వివరణలోనూ ఇత్తడి, గంజులు అనే మాటలు మొదట్లోనే, పక్కపక్కనే ఉన్నాయి. సెర్చ్ నేను నేర్పినట్టే అన్నిటికీ సమానంగా మార్కులు వేసింది, ముందు టైపు చేసిన మగ్గు ముందుకొచ్చింది.

"కూత తీసెయ్యాలె బాపు," అన్నాను.

"కూత లేకుంటే అది దుకాణమెట్లయితది?" అని గయ్యిమన్నాడు. చిన్నప్పుడు గల్లీ మొదట్లోనే వినబడే ఆ గొంతును చెరిపేయడానికి నాకూ మనసొప్పలేదు.

"కూత దర్వాజ కాడ నిలబడి ఏస్తవా, ఒక్కొక్క గిన్నె మీద గీకిస్తవా?" అని అడిగాను.

బాపు మీసం దువ్వుకున్నాడు. "దర్వాజ కాడనే," అన్నాడు.

కూతను వివరణల్లోంచి తీసి పేజీ పైన ఒక్కసారి పెట్టి, సెర్చ్ దాన్ని చదవకుండా చేశాను. కోడు రాసేముందు దాన్ని వాడే మనుషులు ఎట్లా మాట్లాడతారో వినాలని ఈ పనే నాకు నేర్పింది. అంతకుముందు నేను వివరణలను మాత్రమే చూసేదాన్ని.

దసరా ముందు బాపు మళ్లీ పరీక్ష పెట్టాడు. "ఇత్తడి గంజుకు స్టీలు మూత అని కొట్టు బిడ్డా." గడుసువాడు. ఇత్తడి మూత ఉన్న స్టీలు గంజు వివరణలోనూ ఈ మాటలే ఉంటాయి. ఏ మాట పక్కన ఏది ఉందో చూస్తేనే తేడా తెలుస్తుంది. పద్మ మొదట వచ్చిన పేరు చదివింది. "స్టీలు మూత, ఇత్తడి గంజుకు సరిపోయేది."

బాపు ఆ పేరును ఇంకోసారి చదివించుకున్నాడు.

అంతలో గుడిమల్కాపూర్ పూల వ్యాపారి ఒకాయన వచ్చాడు. పాత గిరాకీ. ఎప్పటిలాగే బాపు వైపు తిరిగి, "బాపు, నీళ్లకు రాగి బిందె కావాలె, పెద్దది," అన్నాడు.

"నన్నడుగుతవేంది భాయ్," అన్నాడు బాపు. "మా పద్మనడుగు. దుకాణం ఆమెదే."