విమానంలో గంటే

నేను రాజోలు దగ్గర ఒక బడిలో లెక్కల టీచర్ని. పోయిన వేసవిలో ఒక ఉదయం, హైదరాబాద్ ఆసుపత్రిలో ఉన్న మా అక్క ఫోన్ చేసింది. గొంతు బాగా నీరసించిపోయింది.

"ఎంతసేపట్లో వస్తావే?" అంది.

గబగబా చూస్తే, రాజమండ్రి నుంచి విమానంలో గంట ప్రయాణం అని ఉంది. "గంటలో నీ దగ్గరుంటానక్కా" అనేశాను. ఇంటి నుంచి విమానం దాకా ఉన్న దారి ఆ క్షణాన నాకు తట్టనే లేదు.

కారు మాట్లాడుకుని బయలుదేరాను. రావులపాలెంలో అరటి గెలల లారీలు అడ్డం. తొందరపెడితే, "ఆయ్, ఎగిరెళ్ళలేం కదండీ" అన్నాడు డ్రైవరు. అక్కకి ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. మధ్యాహ్నం ఎక్కిన విమానం సరిగ్గా గంటకే దించింది. అక్కడి నుంచి ఆసుపత్రికి మరో రెండు గంటలు పట్టింది.

అక్క పోయి అప్పటికే అరగంటయింది.

"చెల్లెలు మీరేనా?" అంది నర్సు. "ఐసీయూలోకి మార్చి ఫోన్ తీసేసుకున్నాం. మాస్కు పక్కకి లాగి మరీ టైమెంతయిందని అడుగుతూనే ఉన్నారు. చివరికి, 'అది లెక్కల టీచరండీ, గంటంటే గంటే. రాలేదంటే ఇంక రాదండీ' అని గోడవైపు తిరిగిపోయారు."

సాయంత్రానికి వస్తానని చెప్పి ఉంటే, సాయంత్రం దాకా నాకోసం చూసేదేమో. కాలం, దూరం లెక్కలు ఈ ఏడాది నేను చెప్పలేదు. ఇంకో టీచర్ని చెప్పమన్నాను.